థేమ్స్ మీద పడవ ప్రయాణం: ఎక్కడ ఎక్కాలి, ఏ వైపు కూర్చోవాలి, ఏ వేళకి వెళ్లాలి

అమ్మానాన్నల్ని మొదటిసారి లండన్ తిప్పినప్పుడు నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. వెస్ట్‌మిన్‌స్టర్ రేవులో పడవ ఎక్కించి, అందరికంటే ముందు పరుగెత్తి ముందు వరస సీట్లు పట్టాను. పడవ కదిలింది. "ఏదిరా ఆ గడియారం?" అన్నారు నాన్న. అది మా వీపు వెనక ఉంది. పార్లమెంటు భవనం, బిగ్ బెన్ ఆ రేవుకి ఎగువన ఉంటాయి, మేం పోతున్నది దిగువకి. ఆయన మెడ తిప్పుకుని చూస్తుండగానే నది వంపు తిరిగింది, గడియారం చెట్ల వెనక్కి పోయింది.

తర్వాత చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఎక్కుతూ వచ్చాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఈ ప్రయాణం బాగుండేదీ చప్పగా ఉండేదీ టికెట్ ధరని బట్టి కాదు. ఏ రేవులో ఎక్కారు, పడవలో ఎటు పక్క ఉన్నారు, ఆ వేళకి నదిలో నీళ్లెంత ఉన్నాయి అనేదే అసలు లెక్క. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

1. ముందు ఆటుపోట్లు చూసుకోండి

లండన్ సముద్రం ఒడ్డున లేదు. అయినా సముద్రపు పోటు ఊరి మధ్య నుంచి పోయి, పడమటి వైపు టెడింగ్టన్ లాకుల దగ్గర ఆగుతుంది. రోజుకి రెండుసార్లు నీళ్లు పైకెక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. లండన్ బ్రిడ్జి దగ్గర ఎక్కువ తక్కువల మధ్య తేడా ఏడు మీటర్ల వరకు ఉంటుంది, అంటే సుమారు రెండంతస్తుల ఇల్లు మునిగేంత. పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో ఈ తేడా బాగా ఎక్కువ. మన తీరంలో చేపల వేటకి వెళ్లేవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు.

దీనివల్ల మీకేంటి? నీళ్లు బాగా దిగిపోయినప్పుడు పడవ రెండు ఎత్తైన రాతి గోడల మధ్య కాలవలో పోతున్నట్టు ఉంటుంది. పడవ లోపలి సీట్లో కూర్చుంటే గట్టు మీది భవనాలు సగమే కనిపిస్తాయి, కిటికీ నిండా పాచి పట్టిన గోడే. పోటు మీద ఉన్నప్పుడు పడవే పైకి లేస్తుంది కాబట్టి గట్టు మీద నడిచేవాళ్ల ముఖాలు కూడా కనిపిస్తాయి. అలాగని ఆటు వేళ అస్సలు బాగుండదని కాదు. నీళ్లు తగ్గితే ఒడ్డున గులకరాళ్ల తీరం, నదిలోకి దిగే పాత రాతి మెట్లు, పాడుబడిన దుంగలు బయటపడతాయి. ఆ బురదలో వంగి పాత నాణేలు, పొగాకు గొట్టాల ముక్కలు ఏరుకునేవాళ్లు కూడా కనిపిస్తారు. దానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ తప్పనిసరి. మీరు సరదాగా దిగి తవ్వకండి.

నన్నడిగితే పోటు పూర్తయ్యాక ఒక గంటకి బయల్దేరడం అన్నిటికంటే మంచిది. నీళ్లు ఇంకా పైనే ఉంటాయి, దిగే నీరు మీరు వెళ్లే వైపే లాగుతుంది.

పోటు సమయాలు ఆ అథారిటీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఒకే ఒక్క జాగ్రత్త: కొన్ని పట్టికలు ఏడాదంతా గ్రీనిచ్ సమయంలోనే ఉంటాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్‌లో గడియారాలు గంట ముందుంటాయి కాబట్టి ఆ రోజుల్లో పట్టికకి ఒక గంట కలపాలి. ఇంకో సంగతి, ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి పోటు ఉంటే రేపు దాదాపు రెండు కావస్తుంది. రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మొన్న వెళ్లొచ్చిన ఫ్రెండ్ చెప్పిన టైమ్ మీకు పనికిరాదు.

2. ఏ రకం పడవ

థేమ్స్ మీద చూడ్డానికి వెళ్లేవాళ్లకి మూడు రకాలు ఉన్నాయి.

మొదటిది టూర్ పడవ. పైన కప్పు లేని డెక్కు, మైకులో వ్యాఖ్యానం, నెమ్మది నడక. వెస్ట్‌మిన్‌స్టర్, టవర్, గ్రీనిచ్ రేవుల మధ్య తిరుగుతాయి. కొన్నిట్లో పడవ మనిషే మైకు పట్టుకుని జోకులు వేస్తూ చెబుతాడు. ఇంగ్లిష్ యాసకి చెవులు అలవాటు పడనివాళ్లకి అందులో సగం జారిపోతుంది. అమ్మ ఐదు నిమిషాలు విని, "వాడేమంటున్నాడో నువ్వు చెప్పు" అంది. ఆ రోజంతా నేనే గైడ్.

రెండోది రివర్ బస్. ఊబర్ బోట్ అని పేరు రాసి ఉండే థేమ్స్ క్లిప్పర్స్ పడవలు ఇవే. 1999లో మొదలైన సర్వీసు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు రోజూ ఎక్కేవి ఇవి. వ్యాఖ్యానం ఉండదు. లోపల విమానంలోలా వరస సీట్లు, కాఫీ కౌంటరు, టాయిలెట్ ఉంటాయి. వెనక వైపు చిన్న బయటి డెక్కు ఉంటుంది. టవర్ బ్రిడ్జి దాటి కొంత దూరం పోయాక ఒక్కసారిగా వేగం పుంజుకుంటాయి, పిల్లలు కేకలేసేది అక్కడే.

మూడోది స్పీడ్ బోటు. గాలి నింపిన రబ్బరు అంచుల పడవ, అందరికీ లైఫ్ జాకెట్. ఊరి నడిమధ్యలో వేగానికి హద్దు ఉంది కాబట్టి అక్కడ మామూలుగానే పోయి, తూర్పుకి వెళ్లాక ఎగిరి దూకుతుంది. అది చూసే ప్రయాణం కాదు, ఒళ్లు కుదిపించుకునే ప్రయాణం. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి వెళ్లొద్దు.

రాత్రి డిన్నర్ పడవలు కూడా ఉన్నాయి. ప్లేటు మీద దృష్టి పెట్టాలా, కిటికీ మీద పెట్టాలా అనే గొడవ నాకు నచ్చదు. ఆ డబ్బుతో రివర్ బస్‌లో రెండుసార్లు తిరగొచ్చు.

నా ఓటు రివర్ బస్‌కే. ఏం చూస్తున్నామో ముందే తెలిస్తే వ్యాఖ్యానంతో పనిలేదు, ఆ పని కింద ఈ వ్యాసం చేస్తుంది. వాన లేని వేసవి రోజున, చుట్టూ తిరిగి చూడాలంటే మాత్రం టూర్ పడవ పైడెక్కుకి సాటి లేదు.

3. ఎక్కే రేవు: వెస్ట్‌మిన్‌స్టర్ వద్దు, బ్యాటర్సీ

బోర్డుల మీద పియర్ అని ఉంటుంది, నేను రేవు అంటున్నాను. అందరూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఎక్కుతారు, ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) స్టేషన్ పక్కనే కాబట్టి. క్యూ కూడా అక్కడే. పైగా నాన్నకి జరిగిందే మీకూ జరుగుతుంది.

దానికి బదులు పడమటి వైపు బ్యాటర్సీ పవర్ స్టేషన్ రేవులో రివర్ బస్ ఎక్కండి. అదే పేరుతో ట్యూబ్ స్టేషన్ ఉంది, నార్తర్న్ లైన్ చివర. నాలుగు తెల్ల పొగగొట్టాల పాత విద్యుత్ కేంద్రం అది. 2022 అక్టోబరులో షాపులు, ఇళ్లుగా మార్చి తెరిచారు. అక్కణ్ణుంచి దిగువకి వస్తే పార్లమెంటు భవనం మొత్తం, నీళ్లలోంచి లేచినట్టుగా, ఎడమ పక్క మీ కళ్లముందు నుంచి సాగిపోతుంది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా ఆ అదనపు దూరం వెళ్లాలి.

గమ్యం గ్రీనిచ్. మనం గ్రీన్‌విచ్ అని రాస్తాం, అక్కడ అలా అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తారు, గ్రెనిచ్ అంటే వెంటనే చూపిస్తారు. బ్యాటర్సీ నుంచి నేరుగా వెళ్లే పడవ ఉందో, మధ్యలో మారాలో రేవు మీది స్క్రీన్‌లో చూసుకోండి. ప్రయాణం గంట పైమాటే. గంట ఓపిక లేని చిన్నపిల్లలుంటే టవర్ రేవులో దిగేయండి.

ఎగువ వైపు, అంటే క్యూ గార్డెన్స్, హాంప్టన్ కోర్ట్ దాకా కూడా వేసవి నెలల్లో లాంచీలు నడుస్తాయి. అది చెట్ల మధ్య, హంసల పక్కన సాగే తీరిక ప్రయాణం. హాంప్టన్ కోర్ట్‌కి మూడు గంటలు పైనే పడుతుంది, ఆటుపోట్లని బట్టి అటూ ఇటూ అవుతుంది. లండన్‌లో మీకు మూడు రోజులే ఉంటే ఆ ఊసే వద్దు.

4. టికెట్

రివర్ బస్‌కి ట్యూబ్‌లో వాడే ఆయిస్టర్ కార్డు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు, ఫోను అన్నీ పనిచేస్తాయి. రేవులో ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తాకించాలి. దిగాక మర్చిపోతే పూర్తి దూరం ఛార్జీ పడుతుంది. జనం మాటల్లో పడి నడిచిపోయేది ఇక్కడే.

చాలామంది మోసపోయేది ఇంకో చోట. ట్యూబ్‌లో, బస్సులో రోజుకి ఇంత దాటితే ఇక డబ్బు తీసుకోరు అనే పరిమితి ఉంది కదా, పడవ ఆ పరిమితిలోకి రాదు. పడవ డబ్బు వేరే పడుతుంది. "ఇవాళ్టికి క్యాప్ అయిపోయింది, ఇక ఫ్రీయే" అనుకుని నలుగుర్ని ఎక్కిస్తే సాయంత్రం బ్యాంకు మెసేజ్ చూసి ఉలిక్కిపడతారు. ట్రావెల్‌కార్డ్ ఉంటే మాత్రం రాయితీ ఉంది, కౌంటర్లో చూపించి అడగండి. ఒకరికి ఒక కార్డే. ఒకే కార్డుతో ఇద్దరు తాకించి వెళ్లడం కుదరదు.

టూర్ పడవలకి ఆన్‌లైన్‌లో ముందే కొంటే కొంత తగ్గుతుంది. అయితే వాతావరణం చూడకుండా నెల ముందే తేదీ ఖాయం చేసుకోకండి. ముందు రోజు రాత్రి ఆకాశం సంగతి చూసి కొనండి.

పనిరోజుల్లో ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య రివర్ బస్‌లు ఆఫీసు జనంతో నిండిపోతాయి. ఎండ కాసిన శని, ఆదివారాల మధ్యాహ్నాలు ఇంకా ఘోరం. పడవలో సీట్లకి లెక్క ఉంటుంది, నిండితే ఎక్కనివ్వరు, తర్వాతి దాని కోసం రేవు మీద గాల్లో నిలబడాలి. మంగళ, బుధ, గురువారాల్లో పదిన్నర తర్వాత హాయిగా ఉంటుంది.

5. రేవులోకి దిగడం, సీటు పట్టడం

రేవులన్నీ తేలే పంటుల మీద ఉంటాయి. నీటితో పాటు పైకీ కిందకీ పోతాయి కాబట్టి ఒడ్డు నుంచి వాటికి వేసిన వంతెన వాలు గంటగంటకీ మారుతుంది. పోటు వేళ దాదాపు చదునుగా ఉంటుంది. ఆటు వేళ నిటారుగా కిందికి దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వీల్‌చైర్, పిల్లల బండి ఉంటే మొదటి అంచెలో చెప్పిన పోటు లెక్క మళ్లీ చూసుకోండి. వాన పడినప్పుడు ఆ వాలు జారుతుంది కూడా. రివర్ బస్‌లోకి వీల్‌చైర్ సులువుగానే ఎక్కుతుంది, రేవు మీది సిబ్బందికి చెబితే వాళ్లే చూసుకుంటారు.

రివర్ బస్‌లో అయితే లోపలికి పరుగెత్తకండి, వెనక డెక్కు వైపు వెళ్లండి. అద్దాల మీద నీటి తుంపర ఎండి మరకలుగా ఉంటుంది, ఫోటోలు తీస్తే అవే పడతాయి. వెనక నిలబడితే రెండు ఒడ్లూ కనిపిస్తాయి, దాటిపోయిన వంతెన ఫ్రేములా నిలుస్తుంది. ఇంజను చప్పుడు ఎక్కువే, భరించాలి.

లోపలే కూర్చోవాలంటే, దిగువకి వెళ్లేటప్పుడు ఎడమ పక్క. పార్లమెంటు, సెయింట్ పాల్స్, టవర్ కోట, కేనరీ వార్ఫ్ అన్నీ ఎడమనే. లండన్ ఐ చక్రం, షార్డ్ అనే ఆకాశహర్మ్యం, యుద్ధనౌక బెల్ఫాస్ట్, గ్రీనిచ్ కుడి పక్క. కుడి పక్కవి ఎత్తుగా ఉండి ఎటు నుంచైనా కనిపిస్తాయి, ఎడమ పక్కవి దగ్గరికి వెళ్లి చూడాల్సినవి. తేడా అదీ.

ఎండ సంగతి. నది మొత్తం మీద తూర్పుకి పోతుంది, మెలికలు తిరుగుతూ. ఉదయం దిగువకి వెళ్తే సూర్యుడు ఎదురుగా, భవనాలన్నీ నల్లటి బొమ్మలు. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్తే వెలుగు వెనక నుంచి పడుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా పొద్దు ఉంటుంది. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యాస్తమయం, కాబట్టి చలికాలంలో ఒంటిగంటకల్లా పడవలో ఉండాలి.

ఒడ్డున చెమట పడుతున్నా నది మీద గాలి కోస్తుంది. జులైలో కూడా ఒక జాకెట్, చెవులు కప్పే స్కార్ఫ్ పెట్టుకోండి. అమ్మ చీర కొంగు తల చుట్టూ బిగించి కూర్చున్న ఫోటో మా ఇంట్లో ఇంకా ఉంది, అది ఆగస్టు.

6. దారి పొడవునా ఏం చూడాలి

బ్యాటర్సీ నుంచి కదలగానే కుడి పక్క వాక్సాల్ దగ్గర ఆకుపచ్చ అద్దాల, మెట్లమెట్ల భవనం వస్తుంది. అదే ఎంఐ6, బ్రిటన్ విదేశీ గూఢచారి సంస్థ కార్యాలయం. నది ఒడ్డున అంత బాహాటంగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

తర్వాత లాంబెత్ వంతెన. ఎరుపు రంగు. దాని తర్వాతి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన ఆకుపచ్చ. పార్లమెంటులో హౌస్ ఆఫ్ లార్డ్స్ సీట్లు ఎరుపు, హౌస్ ఆఫ్ కామన్స్ సీట్లు ఆకుపచ్చ. ఏ సభ ఏ వైపు ఉందో ఆ పక్క వంతెనకి ఆ రంగు వేశారు. ఈ రెండు వంతెనల మధ్య ఎడమన పార్లమెంటు. కుడి పక్క ఒడ్డు గోడ మీద వరసగా ఎర్రటి గుండె బొమ్మలు కనిపిస్తాయి. కోవిడ్‌తో పోయినవాళ్ల కోసం 2021లో కుటుంబాలు, వాలంటీర్లు గీసినవి. ఒక్కో గుండె ఒక్క మనిషి. అందరూ పార్లమెంటు వైపు కెమెరా తిప్పి ఉంటారు, మీరు ఒక్కసారి ఇటు కూడా చూడండి.

వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన దాటాక కుడిన లండన్ ఐ, ఎత్తు 135 మీటర్లు. ఎడమ వైపు రాతి గట్టు మొదలవుతుంది. 1858 వేసవిలో నది మురుగు కంపుకి పార్లమెంటులో కూర్చోలేకపోయారు. ఆ దెబ్బకి జోసెఫ్ బజాల్‌గెట్ అనే ఇంజినీరుకి డబ్బు మంజూరైంది. ఆయన నదిని కొంత పూడ్చి ఈ గట్టు కట్టి, దాని కడుపులో పెద్ద మురుగు కాలవ పెట్టాడు. మీరు చూస్తున్న గట్టు అసలు ఒక డ్రైనేజీ మూత. గోడకి వరసగా కంచు సింహం తలలు, నోట్లో ఉంగరాలు ఉంటాయి. సింహాలు నీళ్లు తాగితే లండన్ మునుగుతుందని అక్కడి నానుడి. పోటు వేళ వెళ్తే నీళ్లు వాటి గడ్డం కింద ఎంత దూరంలో ఉన్నాయో చూడండి.

నీళ్లు గోధుమ రంగులో ఉన్నాయని ముక్కు మూసుకోనక్కర్లేదు. రోజుకి నాలుగుసార్లు దిక్కు మార్చుకునే ప్రవాహం అడుగున ఉన్న ఒండ్రుని కలిపేస్తూ ఉంటుంది. గోదావరి వరద నీళ్లు ఎర్రగా ఉన్నట్టే ఇదీ. 1957లో ఈ నదిలో జీవం లేదని తేల్చారు, ఇప్పుడు వందకి పైగా చేప జాతులున్నాయి, అప్పుడప్పుడు సీల్‌లు తల పైకెత్తుతాయి. వాన ఎక్కువైనప్పుడు పొంగి వచ్చే మురుగుని పట్టుకోవడానికి నది కింద 25 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 2025లో మొత్తం కలిపారు.

వాటర్లూ వంతెన తెల్లగా, సాదాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే, దీన్ని కట్టడంలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. చాలాకాలం ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఎడమన దాని పక్కనే ఒక లైఫ్‌బోట్ స్టేషన్ తేలుతూ ఉంటుంది, పేరు మాత్రం టవర్ స్టేషన్. 1989 ఆగస్టులో మార్షియనెస్ అనే విహార నౌకని ఇసుక తవ్వే ఓడ గుద్దేసి 51 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన విచారణల ఫలితంగా 2002 నుంచి నదిలో లైఫ్‌బోట్‌లు ఉంచుతున్నారు.

బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర నీళ్లలో ఎర్రటి స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి, పైన వంతెన ఉండదు. 1864 నాటి రైలు వంతెన కాళ్లవి. ఈ కాలపు రైళ్ల బరువు మోయలేదని 1985లో పైభాగం తీసేశారు. పక్కనున్న కొత్త రైలు వంతెన కప్పంతా సోలార్ పలకలే.

సన్నటి ఉక్కు నడక వంతెన మిలీనియం బ్రిడ్జి. 2000 జూన్ 10న తెరిస్తే జనం నడుస్తుంటే పక్కలకి ఊగింది. ఊగుతున్న కొద్దీ పడకుండా ఉండటానికి జనం ఒకేలా అడుగులు వేశారు, దాంతో ఇంకా ఊగింది. రెండు రోజుల్లో మూసేసి, ఊపు పట్టే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. దీని కింద నుంచి ఎడమకి చూస్తే సెయింట్ పాల్స్ గుమ్మటం, కుడికి చూస్తే ఒకప్పటి విద్యుత్ కేంద్రం, ఇప్పటి టేట్ మోడర్న్.

వంతెన కింద గడ్డి మోపు వేలాడుతూ కనిపిస్తే నవ్వకండి. రిపేరు జరిగి వంతెన కింద ఎత్తు తగ్గినప్పుడు గడ్డి కట్ట వేలాడదీసి పడవలని హెచ్చరించాలని నది నిబంధనల్లో ఉంది. 2023లో మిలీనియం బ్రిడ్జికి అలాగే కట్టారు.

లండన్ బ్రిడ్జి వచ్చినప్పుడు మీ పక్కవాళ్లు నిరాశపడతారు. రెండు గోపురాలుండేది ఇది కాదు. ఇది 1973లో తెరిచిన చదును కాంక్రీటు వంతెన. దీని ముందున్న రాతి వంతెనని 1968లో ఒక అమెరికన్ కొనుక్కుని, రాయి రాయి విప్పించి అరిజోనా ఎడారిలో మళ్లీ కట్టించుకున్నాడు.

రెండు గోపురాలుండేది తర్వాత వచ్చే టవర్ బ్రిడ్జి, 1894. ఫోన్ కెమెరా ముందే తీసి ఉంచండి. కుడిన బెల్ఫాస్ట్ యుద్ధనౌక, ఎడమన టవర్ కోట. ఆ కోట గోడ అడుగున నీళ్ల వైపు వెడల్పాటి కమాను, దాని మీద ట్రైటర్స్ గేట్ అని రాసి ఉంటుంది. ఖైదీలని పడవల్లో తెచ్చి లోపలికి దింపిన దారి అది. ఒడ్డు మీది నుంచి చూసేవాళ్లకి దాని భయం అర్థం కాదు, నీళ్ల మీది నుంచి చూస్తేనే తెలుస్తుంది.

మీ పడవ కోసం టవర్ బ్రిడ్జి తెరుచుకోదు, దానికి అంత ఎత్తు అవసరం లేదు. వంతెన రెండు రెక్కలు పైకి లేవడం చూడాలంటే వంతెన వెబ్‌సైట్‌లో ఆ రోజు సమయాలు ఉంటాయి. ఏడాదికి దాదాపు 800 సార్లు లేస్తుంది. రోడ్డు మీద ఎంత పెద్దవాళ్ల కారు ఉన్నా ఓడకే ముందు దారి.

ఇక్కడితో టూరిస్టుల లండన్ అయిపోతుంది. చాలామంది దిగిపోతారు, సీట్లు ఖాళీ అవుతాయి. ఉండండి, బాగుండేది ఇప్పుడే. ఎడమన వాపింగ్, పాత గోదాములు. 1798లో మొదలైన నది పోలీసుల స్థావరం ఇప్పటికీ అక్కడే ఉంది. కుడిన రాదర్‌హైత్. వలస వెళ్లేవాళ్లని అమెరికాకి తీసుకెళ్లిన మేఫ్లవర్ ఓడ 1620లో బయల్దేరింది ఇక్కణ్ణుంచే. మీ పడవ అడుగున బ్రునెల్ తండ్రీకొడుకులు తవ్విన సొరంగం ఉంది, 1843లో తెరిచారు. ఓడలు తిరిగే నది కింద ప్రపంచంలో మొదటిది. ఇప్పుడు దాన్లో రైళ్లు తిరుగుతున్నాయి. కేనరీ వార్ఫ్ అద్దాల మేడలు వచ్చే సరికి పడవ వేగం కూడా పెరిగిపోతుంది, టోపీలు పట్టుకోండి.

వంపు తిరగ్గానే కుడిన గ్రీనిచ్. ఒకేలా ఉండే రెండు తెల్లటి రాతి మేడలు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో దూరంగా చిన్న భవనం, పైన కొండ. మధ్యలో ఖాళీ పొరపాటున మిగిలింది కాదు. వెనకనున్న రాణీగారి మేడకి నది కనిపించాలని మేరీ రాణి పట్టుబట్టింది, అందుకే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ తన కట్టడాన్ని రెండుగా చీల్చాడు. ఈ అమరిక నది మీది నుంచి చూడటానికే.

7. దిగాక, తిరుగు దారి

రేవు పక్కనే 1869 నాటి టీ ఓడ కట్టీ సార్క్. కొండెక్కితే సున్నా డిగ్రీల రేఖ. ఇక్కణ్ణుంచి తూర్పుకి 82.5 డిగ్రీలు లెక్కపెడితే మన దేశపు గడియారం రేఖ, అది కాకినాడ దగ్గరగా పోతుంది. అందుకే గ్రీనిచ్ సమయంతో మనకి ఐదున్నర గంటల తేడా. నాన్న ఆ సున్నా గీత మీద నిలబడి వాచీ చూసుకున్నారు, అప్పటికి గడియారం గొడవ తీరింది.

ఓపికుంటే ఓడ పక్కన గుండ్రటి గోపురంలోంచి దిగి, 1902 నాటి నడక సొరంగంలో నది కింద నుంచి అవతలి ఒడ్డుకి వెళ్లండి. గ్రీనిచ్ మొత్తం అక్కడి పార్కు నుంచి ఎదురుగా కనిపిస్తుంది. ఖర్చు లేదు.

తిరిగి రావడానికి మళ్లీ పడవ ఎక్కకండి. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు, ఎదురు గాలి వేరే. కట్టీ సార్క్ స్టేషన్‌లో డీఎల్ఆర్ రైలు ఎక్కితే బ్యాంక్ స్టేషన్‌కి నేరుగా వెళ్తుంది. ఆ రైలు ముందు సీట్లో డ్రైవరు ఉండడు, పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టండి.

సగం రోజు మిగిలి ఉంటే గ్రీనిచ్‌లో ఆగకుండా వూలిచ్ దాకా పడవలోనే పోవచ్చు. ఎడమన వచ్చే బ్లాక్‌వాల్ చూడండి. 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీ, 1614 నుంచి ఇక్కడ సొంత ఓడల కార్ఖానా నడిపింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఈ నది మీదుగానే లండన్ గోదాముల్లోకి చేరాయి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లే. ఆ తర్వాత నదికి అడ్డంగా వెండి హెల్మెట్లు తేలుతున్నట్టు థేమ్స్ బ్యారియర్ వస్తుంది, పొడవు 520 మీటర్లు, పది తలుపులు. తుపాను పోటు వస్తే తలుపులు లేచి లండన్‌ని కాపాడతాయి. పడవ ఆ హెల్మెట్ల మధ్య నుంచి దూరి పోతుంది.

వూలిచ్‌లో దిగి కొంచెం నడిస్తే కార్లని, మనుషుల్ని దాటించే పెద్ద ఫెర్రీ. 1889 నుంచి ఉచితం, టికెట్టే లేదు. ఐదు పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగొచ్చి వూలిచ్ స్టేషన్‌లో ఎలిజబెత్ లైన్ పట్టుకుంటే అరగంట లోపు ఊరి మధ్యలో ఉంటారు.

రాత్రి వెళ్లాలనుకుంటే

రాత్రికి వేరే దారి. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి టవర్ దాకా చాలు, దాని తర్వాత చీకటే. లాంబెత్ నుంచి లండన్ బ్రిడ్జి వరకు తొమ్మిది వంతెనలకి 2019 నుంచి 2021 మధ్య రంగులు మారే దీపాలు పెట్టారు. వంతెన కిందకి పోతున్నప్పుడు ఆ వెలుగు నీళ్లలో కదులుతూ ఉంటుంది, ఫోటోకి అందదు. రివర్ బస్ చివరి ట్రిప్పు ఎన్నింటికో ఎక్కేముందే రేవు స్క్రీన్‌లో చూడండి. తిరుగు పడవ దొరక్కపోయినా ఇబ్బంది లేదు, టవర్ హిల్ ట్యూబ్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది.

పెద్ద పడవల్లో లైఫ్ జాకెట్లు తొడిగించరు, అవి ఎక్కడుంటాయో బోర్డు మీద బొమ్మ ఉంటుంది. ఎక్కగానే ఒకసారి చూసుకోండి, పిల్లలకి కూడా చూపించండి. రేవుకి చేరేటప్పుడు పడవ ఒక కుదుపు కుదుపుతుంది. తాడు కట్టి, సిబ్బంది గొలుసు తీసేదాకా పెద్దవాళ్లని సీట్లోంచి లేవనివ్వకండి.